కరెంటు తీగా, అన్నంభట్టు ఆకాశమూ

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో ముంబై రోడ్డు పక్కన ఏ కరెంటు స్తంభాన్ని చూసినా నలుగురు అద్దెకున్న ఇల్లులా ఉంటుంది. పైన లెవెన్ కేవీ లైను, దాని కింద ఇళ్ళకు వెళ్ళే తీగలు, ఆ కింద చుట్టలు చుట్టి వేలాడదీసిన కేబుళ్ళు, ఇంకాస్త కిందికొస్తే కోదండరాముడి ఉత్సవాలకు కట్టిన తోరణం తాడు. ఇది చూసినవాడికి ఒక సందేహం రాకమానదు. ఇంటింటికీ కరెంటు తీగ ఎలాగూ ఉంది కదా, ఇంటర్నెట్టుకు మళ్ళీ ఇంకో తీగ దేనికి?

ఇదేమీ పిచ్చి ఆలోచన కాదు. సబ్‌స్టేషన్లు హైటెన్షన్ లైన్ల మీదుగానే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం దశాబ్దాల నాటి సంగతి. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు మీద, వేల, లక్షల సార్లు ఊగే సన్నని సంకేతాన్ని ఎక్కిస్తారు. అవతలి కొసన రెంటినీ వేరుచేస్తారు. ఇంటర్నెట్టుకు మాత్రం ఆ జోరు చాలదు. సంకేతం సెకనుకు ఇరవై లక్షల నుంచి మూడు కోట్ల సార్ల దాకా ఊగాలి. ఇంచుమించు 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా కావాలి.

చిక్కు అక్కడ మొదలవుతుంది. కేబుల్ టీవీ వైరుకు లోపలి సంకేతాన్ని కాపాడే లోహపు తొడుగు ఉంటుంది. టెలిఫోన్ తీగలను జంటగా మెలిపెడతారు కాబట్టి ఒకదాని రొదను ఇంకొకటి చెరిపేస్తుంది. స్తంభాల మీది కరెంటు తీగలకు తొడుగూ లేదు, మెలికా లేదు, ఎడమెడంగా సాగిపోతాయి. అంత జోరైన సంకేతం వాటిలో పారితే అవి ఏరియల్ అవతారం ఎత్తుతాయి. పైగా ఆ 2–30 మెగాహెర్ట్జ్ పట్టీ ఖాళీ జాగా కాదు. అది షార్ట్‌వేవ్ రేడియోది. ఒకప్పుడు రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం ముల్లు తిప్పిన తరానికి బాగా తెలిసిన చోటే.

ఇంగ్లండులో మాంచెస్టర్ వైపు నార్వెబ్, నార్టెల్ సంస్థలు 1997లో ఈ కరెంటు తీగల ఇంటర్నెట్టు పద్ధతిని గొప్పగా ప్రకటించాయి. వీధిదీపాల స్తంభాలే ఏరియళ్ళయి కూర్చున్నాయి. 1999కల్లా విరమించుకున్నారు. అమెరికాలో మనాసస్ పట్టణం 2005లో ఊరంతటికీ కరెంటు తీగల ఇంటర్నెట్టు ఇచ్చి, కిట్టుబాటు కాక 2010లో కట్టేసింది.

కిట్టుబాటు లెక్క అలా ఉంచితే, ఇందులో ఒక తర్కం ప్రశ్న ఉంది. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం న్యాయవైశేషికాలు నేర్చుకునేవాళ్ళకు పెద్దబాలశిక్ష వంటిది. దాని ప్రకారం శబ్దం ఆకాశానికి గుణం. ఆ ఆకాశం ఒక్కటే, అంతటా ఉన్నది, నాశనం లేనిది. ఆయన చెప్పింది చెవికి వినిపించే శబ్దం గురించే, రేడియో తరంగం గురించి కాదు. మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసునని చాటుకునే ఉబలాటం ఇక్కడ అనవసరం. ‘ఒక్కటే’ అన్న ఆ మాట మాత్రం పట్టుకోదగ్గది. కుండలోని ఆకాశం బయటి ఆకాశం వేరువేరుగా కనిపించడం కుండ వల్లనే అంటారు వేదాంతులు. గాజు ఫైబరు కుండ లాంటిది, లోపలి వెలుగును లోపలే ఉంచుకుంటుంది. కరెంటు తీగకు ఆ కుండే లేదు. అలాంటప్పుడు ‘నా తీగ, నా సంకేతం, నీకేం?’ అనే వాదం నిలవదు.

బుచ్చిరెడ్డిపాలెం రైతుకు దీన్ని అన్నంభట్టు వచ్చి చెప్పనక్కర్లేదు. సంగం ఆనకట్ట దగ్గర మళ్ళిన పెన్న నీళ్ళు కనిగిరి రిజర్వాయరుకొచ్చి, అక్కణ్ణించి కాలవల్లో పడతాయి. ఎగువన ఎవరో రాత్రిపూట గట్టుకు గండి కొడితే చివరాయకట్టు మడి ఎండుతుంది. ఆ రైతుకు గండి కొట్టినవాడి మొహమైనా తెలియదు. రేడియో వినేవాడిదీ అదే గతి. ఖరఖర ఎక్కడి నుంచి వస్తోందో అతనికి అంతుబట్టదు.

ఊళ్ళోకి వస్తే ఇంకో ఇబ్బంది. ఈ సంకేతం ట్రాన్స్‌ఫార్మర్ దాటలేదు, పక్కనుంచి ప్రత్యేకంగా దాటించాలి. మన రాష్ట్రంలో మోటార్ల కోసం, లైన్ల నష్టం తగ్గించడానికని, రెండు మూడు బోర్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చొప్పున పెట్టుకుంటూ వచ్చారు. ఒక్కోదానికీ ఒక్కో వంతెన కట్టుకుంటూ పోతే పొలాలనిండా అవే ఉంటాయి. మీటరు రీడింగు పంపడం లాంటి చిన్న పనులకైతే కరెంటు తీగ చక్కగా సరిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. తీగను వదిలేసి స్తంభాన్ని పంచుకుంది. 2016 డిసెంబరు 29న అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో మొదలైన ఫైబర్‌నెట్‌ను, ఏడాది తర్వాత 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్యాకేజీతో ఇంటర్నెట్టు, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. భూమి తవ్వితే వేల కోట్లయ్యే పని, దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబరును కరెంటు స్తంభాలకు కట్టడంతో రూ.333 కోట్లలో తేలింది. ఆ తర్వాతి రాజకీయాలూ కేసులూ వేరే కథ. తీగలు పంచుకోవడానికీ స్తంభం పంచుకోవడానికీ ఉన్న తేడా చూడటానికి ఇంతవరకు చాలు. స్తంభం మీది ఫైబరు ఎవరి రేడియోనూ చెడగొట్టదు.

మరి ఎదుటివాదం? షార్ట్‌వేవ్ పట్టుకుని కూర్చునేవాళ్ళు ఎందరు, ఇంటర్నెట్టు లేక ఆగిపోయిన పిల్లల చదువులెన్ని? గుప్పెడు మంది సరదా కోసం లక్షలమంది అవసరాన్ని ఆపడం ఏం ధర్మం? ఇది తోసెయ్యగల ప్రశ్న కాదు. వేరే దారే లేని ఊళ్ళో అయితే జవాబు కూడా వేరేగా ఉండేదేమో.

ఇక ఆ సరదా సంగతి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళింది. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో, అంటే తమలాంటి అమెచ్యూర్ రేడియోవాళ్ళతో, మాట్లాడటం తప్ప వాళ్ళకు వేరే పని లేదు. అచ్చంగా సరదాయే. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, వెనకే సునామీ. అదే సముద్రం అదే ఉదయం నెల్లూరు తీరపు పల్లెల మీదికీ వచ్చింది. ద్వీపాల్లో కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. ఎవరు బతికున్నారో, ఎవరి జాడ తెలియడం లేదో ఆ సరదా రేడియోలే ప్రధాన భూభాగానికి చేరవేశాయి. వాళ్ళు వాడింది 14 మెగాహెర్ట్జ్ పట్టీ. కరెంటు తీగల ఇంటర్నెట్టు అడిగే జాగాకు నట్టనడుమ ఉన్నది అదే.