చికిత్సకు ముందు ఒక కాగితం

పటేల్‌గూడ నుంచి పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకు షిఫ్టుకు వెళ్లేవారి ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే, చికిత్స మొదలయ్యేలోపే డాక్టరును అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకోవాలి. డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా రోగులు అప్పటికప్పుడే మరచిపోతారని రాయ్ కెసెల్స్ అనే పరిశోధకుడు 2003లో రాశారు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక భయం కమ్మిన మనసుకు మిగతాది ఎక్కడం మరీ కష్టం.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. లాంటి పెద్దాసుపత్రి రద్దీలో మన చీటీ చూసే తీరిక ఎవరికుంటుందని అడగవచ్చు. న్యాయమైన సందేహమే. అయితే 2001లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, రోగి చేతిలోని ప్రశ్నల జాబితాను డాక్టరే అందుకుని మాట్లాడినప్పుడు సమయం పెరగలేదు సరికదా, తగ్గింది. అడిగితే డాక్టరు గారు నొచ్చుకుంటారన్న జంకూ అక్కర్లేదు. ఒళ్లు మనది, చికిత్సకు ఒప్పుకుంటూ పెట్టే సంతకమూ మనదే. కాబట్టి ఇవి అడగండి: ఇది ఏ దశ? చికిత్స నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా? ఎన్ని విడతలు? కీమో మధ్యలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రి ఎక్కడికి రావాలి? ఈ చివరి ప్రశ్న తప్పనిసరి, ఎందుకంటే ఆ జ్వరం ప్రాణాంతకం కావచ్చు. జీతం మాటా ముఖ్యమే: నిబంధనల మేరకు అర్హత ఉన్న ఈఎస్ఐ కార్మికులకు క్యాన్సర్‌కు పొడిగించిన అనారోగ్య భత్యం ఉంది. దానికి కావలసిన సర్టిఫికెట్ గురించి కూడా అడగండి. జవాబులు రాసుకోవడానికి ఇంటి మనిషినొకరిని వెంట తీసుకెళ్లండి.