తాళంచెవి ఎవరి దగ్గరుండాలె?

శంబూకుడి తల, ఏకలవ్యుడి వేలు మన ఉపన్యాసాల్లో ఎన్నోసార్లు తెగినయి. ఆ కథలు అందరికీ తెలుసు. నేను వాటి గురించి రాయడం లేదు. నిషేధం పోయిన తర్వాతి సంగతి రాస్తున్న. తలుపు తెరిచే ఉంది. అందరికీ ప్రవేశం అని బోర్డు మీద రాసే ఉంది. లోపల పుస్తకం ఉంది. బయట మా వాడ పిల్లగాడు ఉన్నడు. అయినా పుస్తకం వాని చేతికి ఎందుకు రాదు? పుస్తకాన్ని కాపాడే మనిషి ధర్మం పుస్తకం పట్లనా, చదివేవాని పట్లనా? చిన్న ప్రశ్నలెక్క కనిపిస్తది గానీ, మా అసొంటోళ్ళ బతుకులు ఎన్నో దీని మీదనే ఆగిపోయినయి.

మా నాయిన వరంగల్ ఏనుమాముల మార్కెట్‌ల హమాలి. మిర్చి బస్తాలు మోసి మోసి ఆయన మెడ వెనక చర్మం గట్టిపడ్డది. రాత్రి ఇంటికొస్తే ఆ ఘాటుకు మేమందరం తుమ్మేటోళ్ళం. మా అవ్వ కైకిలి. ఇద్దరికీ అక్షరం రాదు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్‌ల చదివి డిగ్రీకి వచ్చినోణ్ణి మా ఇంట్ల నేనే మొదలు. మాదిగోళ్ళ ఇంట్ల పుస్తకమంటే రేషన్ కార్డు, పోస్టాఫీసు పాస్‌బుక్కు, అంతే.

డిగ్రీ చదివిన కాలేజీల లైబ్రరీకి ఇనుప జాలీ ఉండేది. జాలీకి ఒక చిన్న కిటికీ. పుస్తకం పేరు, రాసినాయన పేరు చీటీ మీద రాసి ఇస్తే లోపలి నుంచి తెచ్చిచ్చేటోళ్ళు. మొదటిసారి పోయి, "సార్, చరిత్ర పుస్తకాలు ఏమున్నయి?" అని అడిగిన. "ఏం పుస్తకం కావాల్నో తెల్వకుండ ఎందుకొచ్చినవ్?" అన్నడు కిటికీ అవతలి మనిషి. ఆయన నన్ను తిట్టలేదు. నా కులం అడగలేదు. మామూలుగానే అన్నడు. ఆ మామూలుతనమే నన్ను ఇంతకాలం ఆలోచింపజేసింది.

పుస్తకం పేరు ఎవరికి తెలుస్తది? ఇంట్ల అలమార ఉన్నోనికి తెలుస్తది. మేనమామ లెక్చరరైనోనికి తెలుస్తది. పుస్తకం పేరు తెలుసుకోవడానికే లైబ్రరీకి వచ్చినోణ్ణి ముందుగాల పేరు చెప్పుమంటే, అది ఈత రానోణ్ణి ఈదుకుంట వచ్చి ఈత నేర్చుకొమ్మన్నట్టే. కిటికీ మనిషి అందరినీ ఒకే ప్రశ్న అడిగిండు. అందరినీ సమానంగ చూసిండు. ఆ సమానత్వమే నన్ను బయట నిలబెట్టింది.

1927 మార్చి 20న అంబేద్కర్ మహద్‌లో చౌదారు చెరువు నీళ్ళు ముట్టిన సంగతి మనం ఏటా చెప్పుకుంటం. ఎక్కువగా చెప్పుకోని ముక్క ఒకటుంది. ఆ చెరువును అంటరానోళ్ళకు తెరుస్తున్నమని మహద్ మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. 1923లో బొంబాయి శాసనమండలి చేసిన తీర్మానం దానికి మూలం. మరి మూడేండ్లు ఏమైంది? తీర్మానం కాయితం మీద ఉంది, నీళ్ళు చెరువులో ఉన్నయి, మనోళ్ళ కడవలు ఖాళీగున్నయి. తెరిచినమని చెప్పడం వేరు, దాహం తీరడం వేరు. "మా లైబ్రరీ అందరికీ తెరిచే ఉంది, రానోళ్ళది వాళ్ళ ఇష్టం" అనే మాట వింటే నాకు ఆ 1924 తీర్మానం గుర్తొస్తది.

గ్రంథాలయ శాస్త్రం కూడా ఈ మాట ఒప్పుకోదు. లెక్కల మాస్టారుగ ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు రాసిండు. పుస్తకాలు వాడుకోవడానికే. ప్రతి చదువరికీ తన పుస్తకం. ప్రతి పుస్తకానికీ తన చదువరి. చదువరి కాలం ఆదా చెయ్యాలె. గ్రంథాలయం పెరిగే జీవి. మొదటి సూత్రం చెప్పేటప్పుడు ఆయన యూరప్‌ల ఒకప్పుడు పుస్తకాలను గొలుసులతో కట్టేసిన సంగతి చెప్తడు. నాకు రెండో సూత్రం ముఖ్యం. ప్రతి చదువరికీ తన పుస్తకం దొరకాలంటే ఆ చదువరి ఎవడో, వాడు ఎక్కడి నుంచి వచ్చిండో లైబ్రేరియన్ తెలుసుకోవాలె. కిటికీ వెనక కూసుంటే అది తెలవదు.

కిటికీ మనిషి దిక్కు నుంచి కూడా ఆలోచించాలె. ఏటా స్టాకు చూస్తరు. రిజిస్టరుల ఉన్న పుస్తకం బీరువాల లేకపోతే ఆడిట్ అభ్యంతరం రాస్తరు, కొన్నిచోట్ల జీతంల పట్టుకుంటరు. పుస్తకం చదవనందుకు ఏ లైబ్రేరియన్‌కూ మెమో రాలేదు, పోయినందుకు వచ్చింది. అసొంటప్పుడు ఆయన పుస్తకానికి కాపలాదారు కాక ఇంకేమైతడు? నేనిప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్‌ల సారును. బడి పుస్తకాల బీరువా మీద కూడా ఇదే భయం కూసుని ఉంటది. కాబట్టి ఒక మనిషిని చెడ్డోడంటే ఈ ముచ్చట తెగదు. భయాన్ని నియమం పుట్టిస్తది, నియమాన్ని మార్చాలె. కానీ నియమం మారేదాకా మనిషికి బాధ్యత లేదనడం కూడా ఒప్పుకోను. నియమం లోపలుండి కూడా మనిషి చెయ్యగలిగేది కొంత ఉంటదని నేను కళ్ళతో చూసిన.

ఎం.ఏ. చదివేటప్పుడు ఇంకో లైబ్రరీల రిఫరెన్సు సెక్షన్‌ల ఒక మేడం ఉండేది. ఆమె పుస్తకం పేరు అడగలేదు. "నువ్వు ఏం తెలుసుకోవాలనుకుంటున్నవ్ బాబూ?" అని అడిగింది. రెండు ప్రశ్నలకు తేడా చూడండి. మొదటిది నా దగ్గర లేనిదాన్ని అడిగింది. రెండోది నా దగ్గర ఉన్నదాన్ని అడిగింది. పుస్తకం పేర్లు నా దగ్గర లేవు. కానీ తెలుసుకోవాలన్న కడుపుమంట ఉంది. "మేడం, మా మాదిగోళ్ళ గురించి ఎవరన్న ఏమన్న రాసిన్రా?" అన్న. ఆమె నవ్వలేదు. కుర్చీల నుంచి లేచింది. కేటలాగు ఎట్ల చూడాలె, ఒక పుస్తకం వెనక ఉన్న పట్టిక పట్టుకొని ఇంకో పుస్తకానికి ఎట్ల పోవాలె, సిద్ధాంత గ్రంథాలు ఎక్కడుంటయి, అన్నీ దగ్గరుండి చూపించింది. అది దయ కాదు. ఆమె ఉద్యోగం అదే. ఉద్యోగాన్ని ఉద్యోగంగ చేస్తేనే మాకు దయలెక్క కనిపించిందంటే, మాకు అలవాటైన లోకం ఎసొంటిదో అర్థం చేసుకోండి.

అంబేద్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయిండు. తర్వాత లండన్‌ల మ్యూజియం లైబ్రరీల పొద్దంతా కూసున్నడు. 1917లో తిరిగొచ్చేటప్పుడు ఓడ మునిగి ఆయన పుస్తకాలు సముద్రం పాలైనయి. అయినా మళ్ళ కొన్నడు, బొంబాయి దాదర్‌ల పుస్తకాల కోసమే ఇల్లు కట్టిండు. ఆయన ఎంత చదివిండో మనకు తెలుసు. ఆ లైబ్రరీల్ల ఆయనకు పుస్తకం తెచ్చిచ్చిన చేతుల పేర్లు మనకు తెలవదు. పరిశోధన వెనక, పాఠం వెనక ఆ చేతులు ఉంటయి. అవి ఆగిపోతే చదివేటోడు ఎంత గొప్పోడైనా ఆగిపోతడు.

ఆ మేడం చూపించిన తొవ్వలనే ఇంకో సంగతి కంటబడ్డది. మా జాంబ పురాణం మీది పుస్తకం 398 నంబరు దగ్గర దొరికింది. 398 అంటే జానపదం. రామాయణం 294.5 దగ్గర ఉంది. అది మతం, పవిత్ర గ్రంథం. భూమి పుట్టక ముందే ఆది జాంబవుడు పుట్టిండని మా వాడ నమ్ముతది. మా నమ్మకం జానపద కథ అయింది, వాళ్ళ నమ్మకం శాస్త్రం అయింది. ఊరి నడుమ గుడి, ఊరి బయట వాడ ఉన్నట్టే అలమారలల్ల కూడా ఊరు, వాడ ఉన్నయన్నమాట. ఈ నంబర్ల పద్ధతిని 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ చేసిండు. ఆయన నడిపిన క్లబ్బులోకి యూదులకు ప్రవేశం లేకుండె. 2019లో అమెరికన్ గ్రంథాలయ సంఘం తన పతకానికి ఆయన పేరు తీసేసింది. పేరు తీసేసిన్రు గానీ నంబర్లు అట్లనే ఉన్నయి. కేటలాగు అద్దం కాదు. దాన్ని చేసినోని కండ్లు అందులో ఉంటయి.

అసలు అలమారలోకే రాని కాయితాల మాటేంది? 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత మనోళ్ళు ఎన్ని కరపత్రాలు వేసిన్రు, ఎన్ని చిన్న పత్రికలు నడిపిన్రు! లైబ్రరీ పుస్తకాలు కొనాలంటే బిల్లు కావాలె, ధర కావాలె, ప్రచురణకర్త కావాలె. సభల పంచిన కరపత్రానికి ఇవేవీ ఉండవు. ఎవరూ కుట్ర చెయ్యనక్కర లేదు, కొనుగోలు పద్దు ఒక్కటి చాలు మన చరిత్ర చెదలు పట్టడానికి. అసొంటి కాయితాన్ని అడిగి తెచ్చి, తారీఖు రాసి, ఊరు పేరు రాసి దాచిపెట్టే లైబ్రేరియన్ ఒక్కడుంటే, ముప్పై ఏండ్ల తర్వాత ఒక పరిశోధక విద్యార్థికి అదే సాక్ష్యం.

కంప్యూటర్లొచ్చినంక ఈ గోస తీరిందంటరు. కొంత తీరింది, అబద్ధం చెప్పను. 2009 యూజీసీ నిబంధన తర్వాత విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో చేరుతున్నయి. బస్ చార్జీ లేనోడు కూడా వాడల కూసుని చదువుకోవచ్చు. ఈ శతాబ్దం మొదట్ల మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసింది. కానీ వాటి పేర్లను ఇష్టమొచ్చినట్టు ఇంగ్లిష్ అక్షరాలల్ల కొట్టిన్రు. ఒక్కో పేరు ఒక్కో తీరు. తెలుగుల వెతికితే దొరకదు, ఇంగ్లిష్‌ల వెతికితే ఏ అక్షరంతో వెతకాల్నో తెలవదు. పేజీ బొమ్మలెక్క ఉంటది కాబట్టి లోపలి మాట పట్టుకొని వెతకరాదు. ఉండి లేనట్టే. తర్వాత ఆ సైటే మూతపడ్డది. పుస్తకాలు ఇంకో దేశపు ఇంటర్నెట్ ఆర్కైవ్‌ల ఉన్నయి కాబట్టి మిగిలినయి. అంటే యంత్రం వచ్చినంక కూడా పేరు సరిగ్గ రాసే మనిషి కావాలె, వెతకడం నేర్పే మనిషి కావాలె. జాలీ పోయి తెర వచ్చింది. కిటికీ దగ్గర ఎవరున్నరన్న ప్రశ్న పోలేదు.

ఇంతవరకు తాళం తియ్యాలె అన్న. ఇప్పుడు తియ్యరాని తాళం గురించి కూడా చెప్పాలె. ఇది నాకు కష్టమైన భాగం.

మా జాంబ పురాణం చెప్పేది మేం కాదు, దక్కలోళ్ళు. పటం విప్పి, మా వాడకొచ్చి, మా పుట్టుక మాకు చెప్తరు. మేం వాళ్ళకు ఇవ్వాల్సింది ఇస్తం. కానీ వాళ్ళను మా ఇండ్లల్లకు రానియ్యలేదు, దూరంగ కూసోబెట్టినం. ఊరు మమ్మల్ని వెలివేసింది, మేం వాళ్ళను వెలివేసినం. మా వాడకు కూడా ఒక వాడ ఉందని చెప్పకుండ నేను ఊరి అన్యాయం గురించి ఎట్ల రాయగలను?

ఒక దక్కలి తాత కథను రికార్డు చేసి లైబ్రరీ డిజిటల్ భాండాగారంల పెడదామని మేడం అన్నది. మా వాడోళ్ళందరూ సంబరపడ్డరు. నేను తాతను అడిగిన. ఆయన చాన సేపు చుట్ట కాల్చుకుంట కూసున్నడు. "మంచిదే కొడుకా. పెట్టెల పెడితే మల్ల నన్నెవరు పిలుస్తరు?" అన్నడు.

నా దగ్గర జవాబు లేదు. జ్ఞానం అందరిదీ అని నేను నేర్చుకున్న సిద్ధాంతం. కానీ ఆయనకున్న ఆస్తి ఆ పటం, ఆ గొంతు, అంతే. భూములున్నోళ్ళ భూములు పంచకుండ, ఏమీ లేనోని పాటను మాత్రం లోకానికంతా ఉచితంగ పంచుడు ఏ న్యాయం? మాదిగలుగ మేం ఒప్పుకుంటే సరిపోతదా? కథ మా గురించే గానీ కథ మాది కాదు, ఆయనది. ఇదివరకు కొన్ని పరిశోధనల్ల అసొంటోళ్ళను "సమాచారం ఇచ్చినవారు" అని ఒక మాటతో దాటేసిన్రు. పట్టా పరిశోధకునికి, పటం తాతకు.

మేడం చెప్పినంక మూడు సంగతులు జరిగినయి. చెప్పినాయన అన్నచోట తాత పేరు, ఊరు, ఆయన గురువైన తండ్రి పేరు ఎక్కినయి. రికార్డు లైబ్రరీల కూసుని వినొచ్చు గానీ బయటకు పంపరాదు అని తాత చెప్పిన షరతు రాసిన్రు. ఆ షరతు మార్చే హక్కు ఆయన తర్వాత ఆయన కొడుకుదే అని రాసిన్రు. ఇది పూర్తి న్యాయమని అనను. కథ వినాలనుకునే వేరే జిల్లా మాదిగ పిల్లకు ఇది మళ్ళ మూసిన తలుపే. ఆ పిల్లకు నేనేం చెప్పాలె? తాతను పిలిపించుకొని వినమని చెప్తున్న. పిలవడానికి పైసలు కావాలె, అది కూడా నిజమే.

అయితే తాళం తియ్యడం న్యాయమా, వెయ్యడం న్యాయమా? తాళంతోటి తేలదు ఇది. కాలేజీ జాలీ నన్ను అడగకుండ నా మీద వేసిన తాళం. తాత షరతు ఆయన తన దానికి తానేసుకున్న తాళం. ఎవరి మీద అన్యాయం పడుతదో వాళ్ళను అడిగిన్రా లేదా అన్నదే న్యాయానికి గుర్తు. లైబ్రేరియన్ తటస్థంగ ఉండాలంటరు. ఊరికి, వాడకు నడుమ నిలబడ్డోడు తటస్థంగ ఉంటే ఊరికే లాభం. పుస్తకం చదివేవాని పక్షం, కథ చెప్పేవాని పక్షం, రెండూ ఒకేసారి పట్టాలె. కష్టమే. ఆ కష్టానికే అది ఉద్యోగం.

విద్యార్థి మిత్రులారా, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టిన నాటి నుంచి ఓరుగల్లుకు గ్రంథాలయ చరిత్ర ఉంది. వాడలో అక్షరమే లేనినాడు ఆ చరిత్ర మనది కాలేదు. ఇవాళ మనం అక్షరం మీద నిలబడ్డం. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నుల రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకు పోతయి. వాడల రేకుల ఇంటికి కూడా ఆ పన్ను కడుతున్నం. కాబట్టి లోపలికి పోయేటప్పుడు వంగి పోవద్దు. పుస్తకం పేరు తెలవకపోతే తెలవదని గట్టిగ చెప్పండి, వెతకడం నేర్పుమని అడగండి. మన కరపత్రాలు దాస్తున్నరా అని అడగండి. ఖాళీ పోస్టులు ఎప్పుడు నింపుతరని అడగండి. మన పెద్దమనుషుల పాటలు రికార్డు చేస్తే పేరు ఎవరిది రాసిన్రో చూడండి. వెళ్ళేటప్పుడు మీ వెనక భయపడుకుంట నిలబడ్డ పిల్లను కూడా వెంట తీసుకపోండి. ఆ పిల్లను ముందుగాల ఆమెకు ఏం తెలుసుకోవాలనుందో అడగండి.