పూతను చూచి యేమందుము?

పఠన భాగము: లూకా 13:6-9



మాఘము దాటి ఫాల్గుణము వచ్చుచున్నది. పంచాంగము చొప్పున ఇది ఇంకను శిశిర ఋతువే. వసంతము చైత్రముతో గాని ఆరంభము కాదు. అయినను పొలముగట్ల వెంట నడచువారికి వసంతపు గురుతులు అప్పుడే అగపడుచున్నవి. మామిడితోటల ప్రక్కగా పోయినచో పూత వాసన వచ్చుచున్నది. ఆకు ఒక్కటియు లేని కొండబూరుగ ఎఱ్ఱగా పూచినది. మోదుగ మొగ్గ తొడుగుచున్నది. వేప ఆకు రాలుచున్నది. త్వరలోనే రాగిరంగు చిగురు వేసి, ఉగాది నాటికి పూతకు వచ్చును. తెల్లవారుజామున కోయిల గొంతు సవరించుకొనుచున్నది.

ఆకు రాల్చిన చెట్టు చచ్చినది కాదని పల్లెవారమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎండలు ముదురు కాలమున నేలలో తడి తక్కువ. ఆకుల గుండ ఆ తడి గాలిలోనికి పోవును గనుక, చెట్టు వాటిని రాల్చి తన ప్రాణమును కాపాడుకొనును. చూపునకు మోడు, లోపల జీవము. చెట్ల విషయమై మనకున్న ఈ తెలివి మనుష్యుల విషయమై ఎందుకు లేదు?

నేను పూర్వము పనిచేసిన ఒక గ్రామములో ఒక సహోదరుడు త్రాగుడుకు లోబడి, అనేక సంవత్సరములు గుడికి దూరమైపోయెను. ఒక ఆదివారమున అతడు వచ్చి వాకిటి దగ్గర కూర్చుండెను. రెండవ వారమును వచ్చెను. అప్పుడు ఒక పెద్ద నాతో, "అయ్యగారూ, ఆర్నెల్లు చూద్దామండి. పూత చూసి బుట్టలు అల్లుకుంటామా?" అనెను. నాకును ఆ మాట బుద్ధిగలదిగా తోచెను. అంతటితో ఆగక, ఆరాధన కాగానే నేను అందరి యెదుట, "ఈ వారము త్రాగలేదు గదా?" అని అతని నడుగుచు వచ్చితిని. నాలుగవ వారము అతడు రాలేదు. మరల త్రాగెనని తలంచి అతని భార్యను విచారించితిని. ఆమె తల వంచుకొని, "ఇంట్లో బాగానే ఉన్నాడయ్యగారూ. గుళ్లో అందరి ముందూ అడిగించుకోలేక రావడం లేదు" అనెను.

ఆ దినములలోనే ఒక మామిడితోట రైతు నాకు తన పని వివరించెను. ఒక్కొక్క పూగుత్తిలో వందలకొలది, ఒక్కొకప్పుడు వేలకొలది పూలుండును. వాటిలో నూటికి ఒకటియైనను కాయగా నిలువదు. మంచు, గాలి, బూడిద తెగులు, తేనెమంచు పురుగు, ఇన్నింటికి తప్పించుకొన్నదే పండగును. అయినను పూత పూర్తిగా విచ్చిన దినములలో అతడు మందు కొట్టడు. ఏలయనగా ఈగలు, తేనెటీగలు పూవు మీద వాలినప్పుడే పిందె కట్టును. ఆ వేళ మందు కొట్టినచో పురుగుతో కూడ అవియును చచ్చును. మందు మొగ్గ విచ్చకముందు కొట్టవలెను, లేదా పిందె కట్టిన తరువాత కొట్టవలెను. ఇది విన్నప్పుడు నా తప్పు నాకు తెలిసినది. నా ప్రశ్న చెడ్డది కాకపోవచ్చును. పూత విచ్చిన వేళ నేను దానిని మందువలె చల్లితిని.

అయితే పూతనే పండు అనుకొనవచ్చునా? అదియును కూడదు. పూతను చూచి తోట అమ్మి, ఆ ధైర్యముతో అప్పు చేసి, మంచు పడిన తరువాత ఏడ్చినవారిని మనమెరుగుదుము. బేతనియ నుండి వచ్చుచు మన ప్రభువు చూచిన అంజూరపు చెట్టుకు ఆకులుండెను, ఫలములు లేవు. రెండు వారములు గుడికి వచ్చినవాని చేతికి కానుకపెట్టె తాళము ఇయ్యనక్కరలేదు. ఇంటి ఖర్చు సొమ్ము మరికొంత కాలము భార్య చేతిలోనే యుండుట మంచిది. పిల్లల అన్నము అతని మనస్సు వలెనే ముఖ్యము. పూతకు కాపలా యుండుట వేరు, పూతను దులిపివేయుట వేరు.

లూకా సువార్తలోని తోటమాలిని చూడుడి. మూడేండ్లు ఫలమియ్యని చెట్టును నరికించవలెనని యజమానుడు తలంచెను. ఈ చెట్టు మంచిదని మాలి వాదింపలేదు, ఫలము తప్పక వచ్చునని మాట ఇయ్యలేదు. ఒక్క యేడు గడువడిగి, దాని చుట్టు త్రవ్వి ఎరువు వేయు పనిని తన మీద వేసికొనెను. అప్పటికిని కాయకపోయినచో నరుకవచ్చునని ఒప్పుకొనెను. ఇదియే నాకు దొరికిన జవాబు. "ఇతనిని నమ్మవచ్చునా?" అని మనము అడుగుదుము. ఫలము వచ్చువరకు ఆ ప్రశ్నకు ఎవరును జవాబు చెప్పలేరు. కాని "ఇతని కొరకు నేనేమి చేయవలెను?" అను ప్రశ్నకు జవాబు నేడే యున్నది. ఆశ యనగా ముందుగా చెప్పు తీర్పు కాదు, గడువు ఇచ్చి చేయు సేవ.

పాలస్తీనా దేశములో చలికాలపు చివర అన్నిటికంటె ముందుగా పూచునది బాదము చెట్టు. హెబ్రీ భాషలో దాని పేరునకు మెలకువగా నుండుట అను మాటతో సంబంధము కలదు. ప్రవక్తయైన యిర్మీయాకు దేవుడు చూపినది ఆ చెట్టు చువ్వనే. మొదటి గురుతు కనబడినప్పుడు మనము చేయవలసిన పని యిదియే: మెలకువగా నుండుట.

ఒక సాయంకాలము నేను ఆ సహోదరుని ఇంటికి పోయి, తప్పు నాదని ఒప్పుకొంటిని. అతడు మాటలాడలేదు, మంచము వాల్చి కూర్చుండమనెను. మరుసటి వారము గుడికి వచ్చెను. తరువాత రెండుమారులు పడెను, రెండుమారులు లేచెను. నాకు ఆ ఊరినుండి బదిలీ అగు నాటికి అతడు ఇంకను వాకిటి దగ్గరనే కూర్చుండుచుండెను. అయితే అప్పటికి అతని పిల్లలు వచ్చి అతని ప్రక్కను కూర్చుండుచుండిరి.

ఈ వారము మీరు పొలమునకు పోవునప్పుడు ఒక పూచిన కొమ్మ యొద్ద నిలిచి, మీ ఇంటిలోనో వీధిలోనో అట్లు పూయుచున్నవారెవరో తలంచుకొనుడి. వారి కొరకు పారను చేతపట్టుటకు ప్రభువు మనకు మనస్సు దయచేయును గాక.