కూర్చోబెట్టడమే గౌరవమా?

"అమ్మా, నువ్వేం జెయ్యకు, ఒక్క కాడ కూసో!"

ఒకప్పటి వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో చేరిన మన తొర్రూరులో గాని, చుట్టుపట్ల పల్లెల్లో గాని ఈ మాట వినబడని ఇల్లు అరుదు. ముసలితల్లి చీపురు పడితే కోడలు అందుకుంటుంది. బిందె ఎత్తబోతే మనుమరాలు ఆపుతుంది. హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులోనే కోప్పడతాడు. అందరిదీ ప్రేమే. పడితే తుంటి ఎముక విరుగుతుందని, ఆపరేషనుకు వరంగల్ పోవాలని, ఆ తర్వాత మంచం పట్టి లేవదేమోనని భయం. ఆ భయం ఉత్తది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వారిలో 60 ఏళ్ళు దాటినవారే ఎక్కువ.

అయితే కూర్చోబెడితే ఆ ప్రమాదం తప్పుతుందా? నాట్లు వేసి, కలుపు తీసి, నీళ్ళు మోసిన కాళ్ళవి. వాటికి పని లేకుండా చేస్తే కండ కరుగుతుంది, నిలకడ తప్పుతుంది. చివరకు రాత్రి బాత్రూముకు లేచినప్పుడు, తడి గచ్చు మీద, ఆ కాళ్ళే మోసం చేస్తాయి. ఏ ఆపదకు భయపడి కూర్చోబెట్టామో దానికే దారి వేసినవారమవుతాం.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో జరిగిన ఒక పరిశోధన 1997లో వెలువడింది. 80 ఏళ్ళు, అంతకు పైబడి, ఇళ్ళలోనే ఉంటున్న 233 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారికి ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్ళి, కాళ్ళకు బలం, నిలకడ ఇచ్చే వ్యాయామాలు నేర్పారు. రెండో జట్టుకు మామూలు వైద్యం, పలకరింపులే అందాయి. ఏడాదిలో రెండో జట్టువారు 152 సార్లు పడితే, వ్యాయామం చేసినవారు 88 సార్లే పడ్డారు.

మరి మనం ఎందుకు ఆపుతున్నాం? మన మనస్సాక్షిని నిజాయితీగా అడుగుదాం. నడుస్తూ పడితే "మీరంతా ఏం జేస్తున్నరు?" అని చుట్టాలు నిలదీస్తారు. కూర్చుని కూర్చుని కాళ్ళు పడిపోతే "వయసు మీద పడ్డది" అంటారు, మనల్ని ఎవరూ తప్పుపట్టరు. మనం కాపాడుతున్నది తల్లినా, మన పేరునా? తల్లిదండ్రులను గౌరవించుమన్న ఆజ్ఞలో వారిని బొమ్మలా కూర్చోబెట్టుమని లేదు.

అలాగని బలవంతం చేయడం కూడా గౌరవం కాదు. ముందుగా వారినే అడగాలి. తల తిరిగేవారు, గుండెజబ్బు ఉన్నవారు, ఇంతకుముందు ఎముక విరిగినవారు డాక్టరు సలహాతోనే మొదలుపెట్టాలి. తక్కినవారికి కావలసింది గోడకు ఆనించిన కదలని కుర్చీ, పక్కన ఒక మనిషి. కుర్చీలోంచి నెమ్మదిగా లేచి మళ్ళీ కూర్చోవడం, కిటికీ ఊచలు పట్టుకొని మడమలెత్తడం, గోడ పట్టుకొని పక్కకు అడుగులేయడం. వారానికి మూడు రోజులు, శక్తికొలది. దానితోపాటు బాత్రూము దారిలో రాత్రిపూట దీపం, జారని చెప్పులు.

ఖర్చు లేదు గాని సమయం కావాలి. కష్టమంతా అక్కడే ఉంది. "కూసో" అనడానికి ఒక్క క్షణం చాలు. పక్కన నిలబడటానికి అరగంట కావాలి.

మార్కు శుభవార్తలో సీమోను అత్త జ్వరంతో పడి ఉంటే, యేసు ప్రభువు ఆమె చేయి పట్టుకొని లేవనెత్తారు. లేచిన ఆమె వారికి పరిచర్య చేసింది. "నీకెందుకమ్మా, పడుకో" అని ప్రభువు ఆమెను ఆపలేదు. ఈ సాయంత్రం టీవీ ముందు కూర్చునే ముందు, మన ఇంటి పెద్దల వద్దకు వెళ్ళి చేయి అందిద్దాం.