కంచె ఎవరి ధర్మం?

తన భూమి చుట్టూ కంచె వేసుకోవడం యజమాని హక్కు మాత్రమేనా, లేక పొరుగువారి పట్ల అతడు తీర్చవలసిన బాధ్యత కూడానా అన్న ప్రశ్నను ధర్మశాస్త్రాలు సూటిగానే ఎదుర్కొన్నాయి. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం ప్రకారం, ఊరి చుట్టూ విడిచిన మేతబీడులో కంచె లేని పైరును పశువులు మేస్తే రాజు కాపరిని దండించరాదు. ఒంటె పైనుంచి చూడలేనంత ఎత్తుగా, కుక్కగానీ పందిగానీ మూతి దూర్చే సందు లేకుండా కంచె కట్టవలసినవాడు చేను గలవాడే. నోరులేని జీవి స్వభావాన్ని నేరంగా ఎంచక, దానిని ముందుగా ఊహించే భారాన్ని వివేకం గల మనిషిపై మోపిన ఈ న్యాయంలో నిజమైన కరుణ ఉంది. రెండు వీధులు కలిసే మూలస్థలంలో ప్రహరీ కోణాన్ని తెగ్గోసి కట్టాలన్న నేటి పురపాలక నిబంధన కూడా, మలుపు తిరిగే అపరిచితుని చూపుకు గోడ అడ్డురాకూడదన్న ఇటువంటి బాధ్యతనే గుర్తుచేస్తుంది కనుక, గోడ కట్టడానికి తీసుకోవలసిన అనుమతిని కేవలం ఆటంకంగా భావించడం సరికాదు.

కంచె వేయాలంటే ముందు హద్దు తేలాలి. సీమావివాదం, అంటే హద్దుల తగాదా, మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో, అనగా న్యాయవిచారణకు రాదగిన వివాదాంశాలలో, ఒకటి. మర్రి, రావి వంటి చెట్లను హద్దున నాటడమే గాక బూడిద, బొగ్గు, ఇటుకముక్కలు భూమిలో రహస్యంగా పాతాలని స్మృతి విధించడానికి కారణం, హద్దుల విషయంలో మనుషులు నిత్యం పొరబడుతూనే ఉంటారన్న ఎరుక.