ఊరు విడిచాకే ఇంటిపేరు

ఆంధ్రుల పేరు వినిపించే తొలి గ్రంథాల్లో ఐతరేయ బ్రాహ్మణం ఒకటి. ఆ పేరు అందులో గొప్పగా ఏమీ రాలేదు. విశ్వామిత్రుడు శునశ్శేపుణ్ణి కొడుకుగా చేసుకుని, ఇకపై ఇతనే పెద్దవాడని ఒప్పుకోమంటే, అతని నూటొక్కమంది కొడుకుల్లో పెద్దవాళ్ళు యాభైమంది ఒప్పుకోలేదు. మీ సంతతి అంచుల్లో పడి బతుకుతుందని తండ్రి శపించాడు. అలా అంచులకు చేరినవాళ్ళే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని కథ. చరిత్రగా దీని విలువ ఎంతన్నది వేరే చర్చ. ఒక జాతి పేరు పాత పుస్తకాల్లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళ పేరుగా మొదలవడం మాత్రం గమనించదగ్గది.

ఇదే కథ ముందు భాగంలో ఇంకో ప్రయాణం ఉంది. హరిశ్చంద్రుడు వరుణుడి దయతో కొడుకును కన్నాడు, ఆ కొడుకునే బలి ఇస్తానని మాట ఇచ్చాడు. సంగతి తెలిసిన ఆ కొడుకు రోహితుడు విల్లు పట్టుకుని అడవికి పోయాడు. తండ్రికి జబ్బు చేసిందన్న కబురు విని ఊరి దారి పడితే, ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో ఎదురై, తిరిగేవాడికే మేలు, ఇంకా నడువు అన్నాడు. ఏడాదికోసారి ఊరివైపు రావడం, మళ్ళీ వెనక్కి మళ్ళడం, ఇలా ఆరో ఏడు వచ్చింది. తన బదులు బలికి శునశ్శేపుణ్ణి కొన్నది అప్పుడే. ‘చరైవేతి’ అని ఇప్పటికీ ఉపన్యాసాల్లో వినబడే మాట పుట్టింది ఇక్కడే. అది ఎవరితో అన్నారో, ఏ కబురు విని ఇంటికి వస్తున్నవాణ్ణి ఆపడానికి అన్నారో ఉపన్యాసకులు చెప్పరు.

ఊరు విడవడం వరమా, శాపమా అన్న ప్రశ్నకు ఒకే కథ రెండు జవాబులూ ఇచ్చింది. రోహితుడు, విశ్వామిత్రుడి కొడుకులు అందరూ పొలిమేర దాటినవాళ్ళే. రోహితుడికి తిరుగుదారి ఉంది. వాళ్ళకు లేదు.

ధర్మసూత్రాల కాలానికి ఈ ప్రశ్న కట్టుబాటుగా మారింది. ఏ నేల మీద ఉండాలి, ఏ నేల మీద అడుగు పెట్టకూడదు అని పట్టికలు తయారయ్యాయి. కృష్ణమృగం సహజంగా తిరిగే నేల యజ్ఞానికి యోగ్యమని మనుస్మృతి అంటుంది. బోధాయనుడు సముద్రయానాన్ని పతనహేతువుల్లో చేర్చాడు, అయినా అది ఉత్తరాది వాళ్ళ ఆచారాల్లో ఉందని తనే రాశాడు. కళింగ దేశానికి వెళ్ళొచ్చినవాడు పాదాలతో పాపం చేసినట్టేనని, దానికి వైశ్వానరేష్టి ప్రాయశ్చిత్తమనీ చెప్పాడు. కళింగం అంటే ఇప్పటి ఒడిశాతో పాటు శ్రీకాకుళం వైపు నేల కూడా. ఒకప్పుడు వెళ్తే పాపమన్న నేల, తరాలు గడిచాక, వదిలి వెళ్ళినవాళ్ళు తలుచుకుని కళ్ళు తడి చేసుకునే నేల అయింది. పవిత్రత నేలలో పుట్టుకతో లేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

మనుస్మృతిలోనే ఈ పట్టిక పక్కన ఒక మినహాయింపు ఉంది. జీవనోపాధి లేక బాధపడే శూద్రుడు ఎక్కడైనా ఉండవచ్చట. పైకి ఇది స్వేచ్ఛలా కనిపిస్తుంది. అతను ఏ నేల మీద ఉన్నా యజ్ఞానికి వచ్చే లాభం గానీ నష్టం గానీ లేదన్న లెక్క దాని వెనక ఉంది. ఊళ్ళు వదిలి పొట్టకూటి కోసం పోయేవాళ్ళను చూసే తీరులో ఆ లెక్క ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

వదిలి వెళ్ళేవాళ్ళు ‘ఎంచుకుని’ వెళ్తారన్న మాట అందరికీ ఒకేలా అతకదు. 1833 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమ నుంచి నడిచిపోయినవాళ్ళు ఎంచుకున్నదేమీ లేదు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. ఇతరుల పొలాలకు నీళ్ళు తెచ్చిన చేతులు తమ ఊరి వానాధార చేలను విడిచి వచ్చిన చేతులు. బొంబాయిలోని కామాఠిపురా పేరులోనే నిజాం రాజ్యం నుంచి పోయిన కూలీలున్నారు. పద్మశాలీలు మగ్గం వెంట షోలాపూర్, భివండి, సూరత్ చేరారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికి, కడప, కోనసీమల నుంచి కువైట్‌కు దారి పడింది. అప్పు చేసి వీసా కొనడం, ఆ అప్పు తీరేదాకా ఇంటి ముఖం చూడకపోవడం ఈ దారిలో మామూలు. ఇలాంటి ప్రయాణానికి శాంతిపర్వంలో సరైన పేరుంది, ఆపద్ధర్మం. కరువులో కుక్క మాంసానికి సిద్ధపడిన విశ్వామిత్రుడి కథ చెప్పేది అక్కడే. ప్రాణం నిలిస్తే ధర్మాన్ని తర్వాత చూసుకోవచ్చన్నది దాని తర్కం.

అమెరికా ప్రయాణం ఈ గాటన కట్టేది కాదు. అక్కడి 1965 వలస చట్టం డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపు తీసింది. 1990 నాటి చట్టం హెచ్‌1బి వీసాను తెచ్చింది. ఊరికో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిన తర్వాత ఆ దారి మధ్యతరగతికి అలవాటైన దారి అయింది. ఇక్కడ ఆపద లేదు, ఆశ ఉంది. పక్కింటి కుర్రాడు వెళ్ళాడన్న ఒత్తిడి కూడా ఉంది. తాను ఎంచుకున్నానా, తనను ఎంచి పంపారా అని నలభై ఏళ్ళు వచ్చాక ఆలోచించేవాళ్ళు తక్కువేమీ కాదు.

వెళ్ళాక కలిగే బాధకు తెలుగులో ఉన్న మాటలు ఆ బాధ స్వభావాన్ని బాగా పట్టుకున్నాయి. కోస్తాలో అది బెంగ, తెలంగాణలో మనాది. రెండూ పెట్టుకునేవే. బెంగ పెట్టుకున్నాడంటారు, మనాది పెట్టుకున్నదంటారు. పసిపిల్లకు అమ్మమ్మ ఊరెళితే జ్వరం వస్తుంది, దానికి బెంగ జ్వరమని పేరు. అంటే ఇది మనసులో మొదలై ఒంటికి దిగే జబ్బు. ‘మిస్సవుతున్నాను’ అని ఇప్పుడు అందరూ వాడే అరువు మాటలో ఒక వస్తువు లేదన్న లెక్క ఉంది. బెంగకు ఆ లెక్క లేదు. ఏది దొరికితే తీరుతుందో బెంగ పెట్టుకున్నవాడే చెప్పలేడు.

అందుకే తిండిని అసలు కారణంగా చెప్పడం కుదరదు. శ్రీనాథుడి పేరిట ఉన్న చాటువుల్లో పలనాటి జొన్నకూడు మీద, కన్నడ రాజ్య మర్యాదల మీద విసుగు ఉంది. పరాయి చోట కవికి కూడా మొదట గుర్తొచ్చేది కంచమే. కానీ ఇవాళ డాలస్‌లో గోంగూర దొరుకుతుంది, దుబాయిలో ఆవకాయ దొరుకుతుంది. అవి దొరికినందువల్ల బెంగ తగ్గినట్టు ఎవరూ చెప్పరు. బతుకమ్మ నాడు మాత్రం లోటు కాస్త స్పష్టంగా తెలుస్తుంది. ఆ పండుగ పువ్వులనే పూజించేది. వేరే దేశపు అంగట్లో తంగేడు, గునుగు ఉండవు, దొరికిన పూలతో పేర్చుకోవాలి. పాట అదే, చప్పట్లు అవే, తంగేడు పూసే వానాకాలపు చివర లేదు.

తలుచుకునేది రాష్ట్రాన్నా, ఊరినా? 1950లో కర్నూలులో పుట్టినవాడు గడప దాటకుండానే మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ అనే మూడు రాష్ట్రాల్లో బతికాడు. 2014 జూన్ 2న హైదరాబాదులో నిద్ర లేచిన కోస్తావాళ్ళు పరుపు మీద నుంచి కదలకుండానే సొంత రాష్ట్రానికి వెలుపల ఉన్నారు. రాష్ట్రం గీత గీస్తే వస్తుంది, గీత మారిస్తే పోతుంది. అయినా దాన్ని కొట్టిపారేయలేం. బస్సు బోర్డు మీద అక్షరాలు చదవకుండానే అర్థం కావడం, తగాదా వస్తే సొంత భాషలో గొంతు పెంచగలగడం రాష్ట్రం ఇచ్చే సుఖాలు. మిగతాదంతా ఊరిదే.

ఊరు ఇచ్చేదాన్ని ఒక ప్రశ్నలో చూడవచ్చు. “ఎవరబ్బాయివిరా నువ్వు?” అని రచ్చబండ మీది ముసలాయన అడుగుతాడు. తండ్రి పేరు చెబితే చాలు, తాత దాకా ఆయనే చెప్పుకొస్తాడు. పరాయి చోట మనిషి తన్ను తాను ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి. చెప్పుకోనక్కర్లేకుండా తెలిసి ఉండడం, బెంగ అడుగున ఉండేది ఎక్కువగా ఇదే.

అయితే అదే ప్రశ్న అందరికీ తీపి కాదు. దళితుడికి అది కులాన్ని తేల్చే ప్రశ్న, ఎక్కడ నిలబడాలో చెప్పే ప్రశ్న. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ భారతీయ గ్రామాన్ని పొగిడేవాళ్ళను కటువుగా ఖండించింది ఇందుకే. జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. మేఘదూతంలో యక్షుడు ఏడాది పాటు వెలి అయి, మేఘంతో ఇంటికి కబురు పంపుతాడు. గబ్బిలంలో కథానాయకుణ్ణి ఊరి నుంచి ఎవరూ వెళ్ళగొట్టలేదు. తన ఊళ్ళోనే ఉండి, తాను అడుగుపెట్టలేని గుడిలోని శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. అలాంటి చోటును వదిలి వెళ్ళినవాడు పోగొట్టుకున్నదేమిటని అడగాలి. చాలామంది విషయంలో పరాయి నగరం ఇచ్చిన మొదటి వరం ఎవరికీ తెలియకపోవడమే. వాళ్ళకూ బెంగ ఉంటుంది, అమ్మ మీద, చెరువు మీద, వేపచెట్టు మీద. ఊరి మీద కాదు.

ఆచారానికి వస్తే చోటు మళ్ళీ గట్టిగా ఎదురవుతుంది. ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పాలి, అందులో కాలంతో పాటు చోటూ చెప్పాలి. తెలుగు నేల మీద శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో చెప్పుకుంటారు. మనిషి ఎక్కడున్నా శ్రీశైలం కొలబద్ద. సముద్రం దాటినవాళ్ళకు ఇది చిక్కు తెచ్చింది. అమెరికా గుళ్ళలో అర్చకులు జంబూద్వీపాన్ని తీసేసి క్రౌంచద్వీపమని చెప్పే పద్ధతి మొదలుపెట్టారు. పురాణ భూగోళంలో అమెరికా ఎక్కడన్నది వదిలేస్తే, చేసిన పని తెలివైనది. దేవుడికి అబద్ధపు చిరునామా చెప్పకుండా ఉన్నారు.

ఆగమం దీనికి మరో దారి చూపిస్తుంది. వైఖానస పద్ధతిలో ఒకే దేవుడికి ఐదు బేరాలు, అంటే మూర్తులు. ధ్రువబేరం కదలదు. ఉత్సవబేరం వీధుల్లోకి వస్తుంది, ఊరేగుతుంది. తిరుమలలో మూలవిరాట్టుకూ భోగ శ్రీనివాసమూర్తికీ మధ్య సంబంధసూత్రం కట్టి ఉంటుంది. కదిలే మూర్తి శక్తి కదలని మూర్తి నుంచి వస్తుందని దాని అర్థం. 1970లలో పిట్స్‌బర్గ్ దగ్గర వేంకటేశ్వరుడికి గుడి కట్టినప్పుడు అక్కడా ఒక మూలవిరాట్టును నిలిపారు. శాస్త్రం ప్రకారం లోటేమీ లేదు. అయినా అక్కడి భక్తులు సెలవు దొరికితే తిరుమలకు వస్తూనే ఉన్నారు.

గ్రామదేవతకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. పోచమ్మ, పోలేరమ్మ పొలిమేరతో ముడిపడిన దేవతలు. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది, ఊరికి అది బొడ్డు. బొడ్రాయి ప్రతిష్ఠ జరిగితే మెట్టినిళ్ళకు పోయిన ఆడబిడ్డలతో సహా అందరూ రావాలి. ముహూర్తం వేళకు పొలిమేర కట్టేస్తారు, లోపలివాళ్ళు బయటికి పోరాదు, బయటివాళ్ళు లోపలికి రారాదు. ఎవరు ఈ ఊరివాళ్ళన్నది ఆ కాసేపు గీత గీసినట్టు తేలుతుంది. బొంబాయి నుంచి బస్సెక్కి వచ్చినవాడు లోపలే ఉంటాడు.

వేదాంతం వీటన్నిటి మీదా నీళ్ళు చల్లుతుంది. గీత పన్నెండో అధ్యాయం ప్రియమైన భక్తుణ్ణి అనికేతుడంటుంది, ఇల్లు లేనివాడని. పదమూడో అధ్యాయం ఇంటి మీద, పిల్లల మీద అంటకపోవడాన్ని జ్ఞానంలో లెక్కవేసింది. సన్న్యాసికి ఊరు లేదు, పూర్వాశ్రమం పేరెత్తకూడదు. ఈ చూపులో బెంగ అనేది మమకారం, తెంచుకోవలసిన ముడి. కానీ సంప్రదాయమే ఆ మాటను సడలించింది. ఆదిశంకరులు తల్లి అంత్యక్రియలకు కాలడికి వచ్చారని కథ చెప్పుకుంటారు. సన్న్యాసి చేయకూడని పని అది. జ్ఞానులలో మొదటివాడి చేత ఆ పని చేయించిన కథను జనం వదులుకోలేదు. గల్ఫ్‌లో పోయిన కొడుకు శవపేటిక శంషాబాదులో దిగేదాకా నిద్రపోని తల్లికి అనికేతుడి గొప్పదనం చెప్పబోయే వేదాంతి దగ్గర జ్ఞానం ఎంతున్నా వివేకం లేదనుకోవాలి. జననిని, జన్మభూమిని స్వర్గం కన్న మిన్న చేసిన ప్రసిద్ధ శ్లోకం వాల్మీకి రామాయణ పరిష్కృత పాఠంలో లేదు. జనం మాత్రం అది రాముడి మాటేనని నమ్ముతారు. అనకపోయి ఉంటే అనవలసిందని వాళ్ళ ఉద్దేశం కావచ్చు.

తెలుగువాళ్ళ ఇంటిపేర్లు ఈ చర్చలో ఎవరూ పిలవని సాక్షులు. చాలా ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే. గురజాడ అప్పారావు బతికింది విజయనగరంలో, గురజాడ ఊరున్నది కృష్ణా సీమలో. గురజాడలోనే ఉండిపోయినవాణ్ణి గురజాడవాడని ఎవరూ పిలవనక్కర్లేదు, అక్కడ అందరూ అదే. ఊరు విడిచి మరో ఊరు చేరాకే ఆ పేరుతో పనిబడింది. పేరు పెట్టింది కూడా వదిలిన ఊరు కాదు, చేరిన ఊరు. అందుచేత ఊరు మనిషికి సొంతమయ్యేది దాన్ని విడిచాకేనని తెలుగు నామకరణం ఏనాడో తేల్చింది. ఇప్పుడు ఆ పేరు పాస్‌పోర్టులో మొదటో చివరో పడి, పలకలేని అధికారుల నోళ్ళలో నలుగుతోంది. మోస్తున్నవాడు ఆ ఊరిని చూసి ఉండకపోవచ్చు.

చూడని ఊరి మీద బెంగ ఉంటుందా అన్నదానికి మారిషస్‌ను చూడాలి. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి, విశాఖ తీరం నుంచి చెరకు తోటలకు కూలి ఒప్పందాల మీద పోయినవాళ్ళ సంతతి అక్కడుంది. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. ఉగాది ఆ దేశానికి సెలవు రోజు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. తోటల్లోకి పోయిన తొలి తరం వెంట తీసుకుపోగలిగినవాటిలో దేవుడి పేరు ఒకటి, సింహాద్రి అప్పన్న. సింహాచలం మీద ఆ స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు. మారిషస్‌లో తరాల తరబడి ఆయన్ను కొలుస్తున్నవాళ్ళలో ఎక్కువమంది ఆ చందనాన్ని కూడా చూడలేదు. భజనలో కొండ పేరు వచ్చినప్పుడు గొంతు కలుపుతారు.