పురిటింట దీపము

తిరుక్కోవలూరి యిరుకు నడవను గూర్చి వినని శ్రీవైష్ణవ గృహముండదు. గాలివాన, కటికచీకటి. ఒకరు పరుండుటకు, ఇద్దరు కూర్చుండుటకు, మువ్వురైనచో నిలుచుటకు మాత్రమే చాలిన చోటు. పొయిగై ఆళ్వారు, పూదత్తాళ్వారు, పేయాళ్వారు ఒకరినొకరు ఎఱుగకయే ఆ రాత్రి అచటికి చేరిరి. ఇంతలో నాలుగవవారెవరో నడుమ దూఱి ఒత్తుచున్నట్లు తోచెను. ఎవరో చూడవలెనన్న వెలుగు లేదు. అప్పుడు పొయిగై ఆళ్వారు సూర్యునే దీపముగా భావించి తమ అంతాదిని ఆరంభించిరి.

అది జ్ఞానదీపమని పెద్దల వ్యాఖ్యానము. మనకు అదియే ప్రమాణము. అయినను పగటి సూర్యుని దీపముగా జేసికొని, నడిరేయి ఇరుకు గదిలో ఎదుటివారి ముఖము చూచుట యనునది నేడు అక్షరాలా జరుగుచున్నది. ఆ గది పురిటిగది.

దేవకీదేవి చెఱసాలలో ప్రసవించినదియు నడిరేయియే. అచట ఆవిర్భవించిన శిశువు తన మేనికాంతిచే ఆ గృహమును వెలిగించెను గనుక వేఱు దీపముతో పనిలేకపోయెను. తక్కిన తల్లుల కట్టి భాగ్యము లేదు. 2023వ సంవత్సరమున గర్భధారణ, ప్రసవ సంబంధమైన కారణములచే లోకమున సుమారు 2,60,000 మంది స్త్రీలు మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. వారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికా ఖండమున సహారా ఎడారికి దక్షిణముననున్న దేశములవారు. అధిక రక్తస్రావము ఆ మరణములకు ముఖ్యకారణము. రక్తము ఎచటినుండి పోవుచున్నదో చూడవలెనన్న ముందు కన్ను కనబడవలెను గదా! పేదదేశములలో సుమారు 100 కోట్ల ప్రజలకు దిక్కైన వైద్యాలయములలో విద్యుత్తు లేదు, లేదా ఉన్నను నమ్మరానిది. అచటి నర్సులు క్రొవ్వొత్తియో, కిరోసిన్ బుడ్డియో దగ్గఱ నుంచుకొని కాన్పులు చేయుదురు. టార్చిలైటును పండ్ల నడుమ కఱచిపట్టి పనిచేయువారును కలరు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునకు చెందిన లారా స్టాచెల్ ప్రసూతి వైద్యురాలు. వెన్నెముక బాధచే కాన్పులు చేయు వృత్తిని విడువవలసివచ్చి, ఆమె బర్క్లీలోని విశ్వవిద్యాలయమున ప్రజారోగ్యశాస్త్రమును అభ్యసింప దొడగెను. ఆస్పత్రికి వచ్చియు తల్లులేల మరణించుచున్నారో తెలిసికొనుటకై 2008లో ఉత్తర నైజీరియాకు వెళ్లెను. ఒకనాడు అచట శస్త్రచికిత్స సాగుచుండగనే దీపములారిపోయినవి. ఆమె తనయొద్దనున్న చిన్న టార్చిలైటును పట్టగా ఆ వెలుగుననే వైద్యులు పని ముగించిరి. మందు లేక కాదు, వైద్యుడు లేక కాదు, వెలుగు లేక ప్రాణములు పోవుచున్నవని ఆమెకు కండ్లకు గట్టినట్లయ్యెను.

ఆమె భర్త హాల్ ఆరన్సన్ సౌరవిద్యుత్తును బోధించువాడు. భార్య చెప్పిన సంగతి విని, కాన్పుగదికి, శస్త్రచికిత్స గదికి దీపములు, రక్తమును భద్రపఱచు పెట్టెకు చల్లదనము, వైద్యుని తక్షణమే పిలుచుటకు చేతిరేడియోలు ఏర్పడునట్లు ఒక పథకము గీచెను. అచటి వైద్యులకు మాదిరి చూపుటకై ఆమె కొన్ని పరికరములను చిన్నపెట్టెలో నమర్చి తీసికొనిపోగా, వారు ఆ మాదిరినే తమకు విడిచిపొమ్మనిరి. చుట్టుప్రక్కల చికిత్సాలయములవారును అట్టి పెట్టె మాకును కావలెనని అడిగిరి. దంపతులు తమ పెరటిలో, ఉచితముగా పనిచేయ వచ్చినవారితో కలిసి, పెట్టెలను కూర్చనారంభించిరి. ‘వి కేర్ సోలార్’ అను ధర్మసంస్థ అట్లు పుట్టినది. 2015లో ఐక్యరాజ్యసమితి పది లక్షల డాలర్ల పురస్కారము నిచ్చుట తరువాతి మాట.

పెట్టె పసుపుపచ్చనిది. గోడకు బిగింతురు. పైకప్పుమీది ఫలకము ఎండను విద్యుత్తుగా మార్చును, ఆ విద్యుత్తు పెట్టెలోని బ్యాటరీలో నిలువయుండును. రాత్రి ఎల్.ఇ.డి. దీపములు స్వల్పవిద్యుత్తుతోనే తెల్లగా వెలుగును. నర్సు తలకు కట్టుకొను దీపము, గర్భస్థశిశువు గుండెచప్పుడు వినిపించు పరికరము, చేతిఫోనుకు విద్యుత్తు నందించు ఏర్పాటు అందే యుండును.

పాఠకమహాశయులారా, మన దేవళముల గోడలమీది శాసనములను ఒకమారు స్మరింపుడు. శ్రీకూర్మమునను సింహాచలమునను అఖండదీప దానములు విస్తారముగా కానవచ్చును. ఆనాటి దాతలు కుందిని మాత్రమే సమర్పించి ఊరకుండలేదు. ఆ దీపమునకు నేయి నడచుటకై ఆవులనో, గొఱ్ఱెలనో, మాడలనో సమర్పించి, దాని సంఖ్యను కూడ రాతిపై చెక్కించిరి. నేయి పోయు బాధ్యత ఎవరిదో స్పష్టపఱచినవియు కలవు. నేటి దాతలలో ఇంత దూరము ఆలోచించువారు అరుదని చెప్పిన తప్పు కాదు. ప్రారంభోత్సవమున ఛాయాచిత్రము తీయించుకొని మఱలిపోవుట సులభము. పేదదేశముల గ్రామములలో దాతలు బిగించిపోయిన సౌరదీపములు, బ్యాటరీ మార్చువారు లేక, కొలది యేండ్లకే మూగవోయినవి ఎన్నియో కలవు. ఎండకు ధర లేదు నిజమే. బ్యాటరీకి ఆయువున్నది, ఫలకముపై దుమ్ము పడును, తీగ తెగును.

ఈ సంస్థవారు దీనిని గుర్తించిరి. మొదట వాడిన సీసపు బ్యాటరీలకు బదులు హెచ్చుకాలము మన్నెడు లిథియం బ్యాటరీలను అమర్చిరి. లైబీరియా మొదలగు దేశములలో ప్రభుత్వ ఆరోగ్యశాఖలతో కలిసి పనిచేయుచు, పెట్టెను బిగించుట, బాగుచేయుట ఆ దేశపువారికే నేర్పుచున్నారు. నేర్చినవారిలో స్త్రీలును కలరు. వారు నిచ్చెన వేసి ఆస్పత్రి కప్పునెక్కి, ఫలకమును ఎండకు ఎదురుగా నిలిపి, తీగను కాన్పుగదిలోనికి దింపి, ఆ రాత్రి పనిచేయవలసిన నర్సునకు మీట చూపి దిగివత్తురు.